శ్రీనివాస రామానుజన్ – పట్టుదల, పరిచయాలు

ఉద్దేశం

ఈ పాఠం పూర్తిచేసిన తర్వాత మీరు:
• శ్రీనివాస రామానుజన్ జీవితంలోని ముఖ్య ఘట్టాలను చెప్పగలుగుతారు.
• ఓటమి ఎదురైనప్పుడు ఆయన ఎలా నిలదొక్కుకున్నాడో వివరించగలుగుతారు.
• సిఫారసు కోసం వెతుక్కునే పరిచయానికి, పని మీది గౌరవంతో ఏర్పడే పరిచయానికి గల తేడాను గుర్తించగలుగుతారు.
• మీ పనిని తెలియని వారికి పరిచయం చేస్తూ ఒక చిన్న ఉత్తరం రాయగలుగుతారు.

పరిచయం

పరీక్ష తప్పిన రోజు ఎలా ఉంటుందో మీలో కొందరికి అనుభవమే. ఇంట్లో వాళ్ళ ముఖం చూడలేం. నలుగురిలోకి వెళ్ళాలంటే మనసొప్పదు. పని అడగడానికి ఎక్కడికి వెళ్ళినా ముందు సర్టిఫికెట్ చూపించమంటారు. మనకు వచ్చిన పని ఏమిటో చూసేవాళ్ళు తక్కువ. తెలిసినవాళ్ళు ఉంటే తప్ప ఏ పనీ జరగదని మనకు మనమే చెప్పుకుంటాం.

గణితశాస్త్రంలో ప్రపంచమంతా గౌరవించే శ్రీనివాస రామానుజన్ కూడా ఈ దారినే నడిచాడు. ఆయనకు డబ్బు లేదు, పలుకుబడి గల బంధువులు లేరు. కాలేజీ పరీక్ష రెండుసార్లు తప్పాడు. అయినా ఒకరి తర్వాత ఒకరుగా పది మంది ఆయనకు చేయూతనిచ్చారు. వాళ్ళంతా ఎందుకు ముందుకు వచ్చారు? రామానుజన్ వాళ్ళ దగ్గరికి ఏం పట్టుకుని వెళ్ళాడు? ఈ పాఠంలో తెలుసుకుందాం.

1. బాల్యం, చదువు

రామానుజన్ 1887 డిసెంబరు 22న తమిళ దేశంలోని ఈరోడ్‌లో, అమ్మమ్మగారి ఇంట్లో జన్మించాడు. పెరిగింది కుంభకోణంలో. తండ్రి శ్రీనివాస అయ్యంగార్ ఒక బట్టల దుకాణంలో గుమాస్తా. తల్లి కోమలతమ్మాళ్ గుడిలో భజనలు పాడేది. వచ్చే జీతం చాలక, ఇంట్లో కొంత భాగం కాలేజీ విద్యార్థులకు ఇచ్చి నాలుగు రూపాయలు సంపాదించుకునేవారు.

ఆ విద్యార్థులే రామానుజన్‌కు తొలి గురువులు. వాళ్ళకు తెలిసిన లెక్కలన్నీ కొద్దికాలంలోనే నేర్చేసుకున్నాడు. పదమూడేళ్ళకే త్రికోణమితి మీద రాసిన పెద్ద పుస్తకాన్ని సొంతంగా చదివి అర్థం చేసుకున్నాడు. 1897లో ప్రాథమిక పరీక్షలో జిల్లాకు మొదటివాడుగా నిలిచి, టౌన్ హైస్కూల్లో చేరాడు. 1904లో హైస్కూలు చదువు ముగిసేటప్పుడు గణితంలో బహుమతి కూడా అందుకున్నాడు.

హైస్కూల్లో ఉండగానే కార్ అనే ఇంగ్లీషు అధ్యాపకుడు తయారుచేసిన ఒక గణిత సంగ్రహం ఆయన చేతికి వచ్చింది. అందులో దాదాపు అయిదు వేల సూత్రాలు ఉన్నాయి. చాలా వాటికి నిరూపణలు లేవు, లేదా ఒకటి రెండు మాటల్లో సూచన మాత్రమే ఉంది. రామానుజన్ ఆ సూత్రాలను తనంతట తానే సాధించడం మొదలుపెట్టాడు. పాతవి సాధిస్తుండగా కొత్తవి తట్టేవి. కాగితం ఖరీదు ఎక్కువ గనుక పలక మీద లెక్క చేసి, మోచేత్తో చెరిపేసి, ఫలితాన్ని మాత్రం నోటుపుస్తకంలో ఎక్కించేవాడు. ఆ నోటుపుస్తకాలే తర్వాతి కాలంలో ఆయనకు ఆస్తి, సర్టిఫికెట్ అన్నీ అయ్యాయి.

2. ఓటమి రోజులు

హైస్కూలు తర్వాత రామానుజన్ కుంభకోణం గవర్నమెంటు కాలేజీలో స్కాలర్‌షిప్పుతో చేరాడు. అప్పటికే ఆయన మనసంతా గణితం మీదే. మిగతా సబ్జెక్టులు పట్టించుకోలేదు. ఇంగ్లీషులో తప్పడంతో స్కాలర్‌షిప్పు పోయింది. ఫీజు కట్టే స్తోమత ఇంట్లో లేదు.

1905 ఆగస్టులో, ఎవరికీ చెప్పకుండా రైలెక్కి మన విశాఖపట్నం వచ్చేశాడు. అప్పటికి ఆయనకు పద్దెనిమిదేళ్ళు కూడా నిండలేదు. కొడుకు కనబడటం లేదని తల్లిదండ్రులు పత్రికలో ప్రకటన వేయించారు. కొన్ని వారాల తర్వాత ఇంటికి తిరిగి వచ్చాడు.

మరుసటి ఏడు మద్రాసులోని పచ్చయ్యప్ప కళాశాలలో చేరాడు. మధ్యలో జబ్బు చేసింది. ఇప్పటి ఇంటర్మీడియట్ వంటిదైన ఎఫ్.ఏ. పరీక్షకు 1906లో కూర్చుని తప్పాడు. 1907లో ప్రైవేటుగా రాసి మళ్ళీ తప్పాడు. గణితంలో మంచి మార్కులే వచ్చాయి గాని, మిగతా సబ్జెక్టులు ముంచేశాయి. దాంతో కాలేజీ తలుపులు మూసుకుపోయాయి. డిగ్రీ లేదు, ఉద్యోగం లేదు. పిల్లలకు ట్యూషన్లు చెప్పి బతకాలని చూశాడు గాని, అదీ సరిగా సాగలేదు.

1909 జూలైలో జానకితో పెళ్ళి జరిగింది. అప్పటి ఆచారం ప్రకారం ఆమె ఇంకా చిన్నపిల్ల. మరుసటి ఏడాది మొదట్లో రామానుజన్‌కు ఆపరేషన్ అవసరమైంది. డబ్బు లేకపోతే ఒక డాక్టరు ఉచితంగా చేశాడు. ఇరవై రెండేళ్ళ వయసు, ఇంటి బాధ్యత, చేతిలో చిల్లిగవ్వ లేదు. ఉన్నవల్లా ఆ నోటుపుస్తకాలే.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఈ అయిదారేళ్ళలో రామానుజన్ గణితం మానలేదు. పరీక్ష తప్పిన బాధ ఉంది, ఇంటి నుంచి పారిపోయేంత అవమానం ఉంది. అయినా పలక పక్కన పెట్టలేదు. తర్వాత వచ్చిన పరిచయాలన్నీ ఈ ఏళ్ళలో చేసిన పని మీదే నిలబడ్డాయి.

మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి – 1
(అ) రామానుజన్ ఫలితాలను మాత్రమే నోటుపుస్తకంలో ఎందుకు రాసుకునేవాడు?
(ఆ) ఆయన స్కాలర్‌షిప్పు ఎందుకు పోయింది?

3. నోటుపుస్తకమే పరిచయ పత్రం

1910లో రామానుజన్ పని వెతుక్కుంటూ తిరుక్కోయిలూరు వెళ్ళాడు. అక్కడ రామస్వామి అయ్యర్ డిప్యూటీ కలెక్టరు. గణితమంటే ప్రాణం పెట్టే మనిషి. 1907లో భారతీయ గణితశాస్త్ర సంఘాన్ని స్థాపించినవాడు ఆయనే. రామానుజన్ తన నోటుపుస్తకాలు ముందుపెట్టి, ఆ కచేరీలో చిన్న గుమాస్తా పని ఇప్పించమని అడిగాడు.

రామస్వామి అయ్యర్ పుస్తకాలు తిరగేసి చూశాడు. ఇంత తెలివిగల మనిషిని రెవెన్యూ శాఖలో అట్టడుగు పనిలో కూర్చోబెట్టడానికి ఆయన మనసు ఒప్పుకోలేదు. ఉద్యోగం ఇవ్వలేదు గాని, మద్రాసులోని గణిత మిత్రులకు పరిచయ ఉత్తరాలు రాసి పంపించాడు.

ఆ ఉత్తరాలతో రామానుజన్ శేషు అయ్యర్‌ను కలిశాడు. ఆయన ఒకప్పుడు కుంభకోణం కాలేజీలో రామానుజన్‌కు గణితం చెప్పినవాడు, అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఉన్నాడు. శేషు అయ్యర్ మరో పేరు చెప్పాడు. నెల్లూరు జిల్లా కలెక్టరు దివాన్ బహదూర్ రామచంద్రరావు. ఆయన కూడా గణిత సంఘంలో ముఖ్యుడు. ఆ విధంగా 1910 చివరలో రామానుజన్ మన నెల్లూరుకు వచ్చాడు.

మొదటి పరిచయంలోనే రామచంద్రరావుకు నమ్మకం కుదరలేదు. నలిగిన బట్టలు, గీయని గడ్డం, చంకలో చిరుగుల నోటుపుస్తకం. అందులోని విషయం ఆయనకు అంతుపట్టలేదు. ఇది నిజమైన ప్రతిభో, మోసమో తేల్చుకోలేకపోయాడు. రామానుజన్ మిత్రుడొకడు మరొకసారి వినమని పట్టుబట్టాడు. అంతకుముందే బొంబాయిలోని ఒక గణిత అధ్యాపకుడితో రామానుజన్ జరిపిన ఉత్తర ప్రత్యుత్తరాలు కూడా ఆయనకు ఆసరా అయ్యాయి.

మళ్ళీ కలిసినప్పుడు రామానుజన్ పద్ధతి మార్చాడు. మొదట తేలికైన ఫలితాలు చూపించాడు. అవి అర్థమైన తర్వాత కొంచెం కష్టమైనవి, ఆపైన ఇంకా కష్టమైనవి, మెట్టు మెట్టుగా ఎక్కించినట్లు వివరించాడు. చివరికి రామచంద్రరావు అనుమానం పూర్తిగా తొలగిపోయింది. ఏం కావాలని అడిగితే, పూట గడిచే ఏర్పాటు ఉంటే చాలు, లెక్కలు చేసుకుంటానని రామానుజన్ చెప్పుకున్నాడు. రామచంద్రరావు ఆయనను తాలూకా కచేరీలో పడేయకుండా మద్రాసు తిరిగి పంపించి, నెలకు 25 రూపాయలు తన సొంత డబ్బు ఇస్తూ వచ్చాడు.

ఈ సహాయం పుచ్చుకుంటూనే రామానుజన్ ఒక మాట మరచిపోలేదు. ఎంతకాలమని ఒకరి మీద ఆధారపడటం? తనకంటూ ఒక పని చూసుకోవాలి అనుకున్నాడు. ఈలోగా 1911లో గణిత సంఘం పత్రికలో ఆయన మొదటి పరిశోధనా వ్యాసం వెలువడింది. అది బెర్నూలీ సంఖ్యలకు సంబంధించింది. ఆ వ్యాసం ఒక్కసారిగా అచ్చుకాలేదు. విషయం గొప్పదైనా చెప్పిన తీరు చదివేవారికి అర్థం కావడం లేదని సంపాదకుడు తిప్పి పంపాడు. రామానుజన్ చిన్నబుచ్చుకోలేదు. మళ్ళీ మళ్ళీ దిద్ది పంపాడు.

4. పోర్టు ట్రస్టు కచేరీలో

1912 మొదట్లో కొన్ని వారాలు అకౌంటెంట్ జనరల్ కచేరీలో తాత్కాలికంగా పనిచేశాడు. ఫిబ్రవరిలో మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తా పనికి దరఖాస్తు పెట్టాడు. దానితో ప్రెసిడెన్సీ కాలేజీ గణిత ఆచార్యుడు మిడిల్‌మాస్ట్ ఇచ్చిన లేఖ జతచేశాడు. మార్చి 1 నుంచి నెలకు 30 రూపాయల జీతం మీద ఉద్యోగం దొరికింది.

ఈ కచేరీలో రామానుజన్‌కు దొరికిన పెద్ద అండ నారాయణ అయ్యర్. ఆయన పోర్టు ట్రస్టులో పెద్ద ఉద్యోగి, గణిత సంఘానికి కోశాధికారి. పగలు కచేరీ పని ముగిశాక, రాత్రిళ్ళు ఇద్దరూ చెరొక పలక పట్టుకుని కూర్చునేవారు. రామానుజన్ నాలుగైదు మెట్లు ఒక్క అంగలో దూకేవాడు. తనకే అర్థం కానిది ఇతరులకు ఎలా అర్థమవుతుందని నారాయణ అయ్యర్ ఆపి, మధ్య మెట్లన్నీ రాయించేవాడు. పోర్టు ట్రస్టు అధ్యక్షుడు సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్‌కు రామానుజన్ సంగతి చెప్పినవాడూ ఆయనే.

స్ప్రింగ్ ఇంజనీరు, గణితవేత్త కాడు. కాని తన కచేరీలో పనిచేసే ఒక గుమాస్తాలో అసాధారణ శక్తి ఉందని నమ్మాడు. మద్రాసు ఇంజనీరింగు కాలేజీలోని గ్రిఫిత్ అనే ఆచార్యుడు లండన్‌లో తన పాత గురువు హిల్‌కు రామానుజన్ గురించి రాశాడు. హిల్ నుంచి వచ్చిన జవాబులో పొగడ్త తక్కువ. తప్పులు ఎక్కడ జరుగుతున్నాయో చూపించి, ఏ పుస్తకం చదవాలో సూచించాడు.

5. జవాబు రాని ఉత్తరాలు

మన దేశంలో తన లెక్కల లోతు తెలిసినవాళ్ళు లేరని రామానుజన్‌కు అర్థమైంది. శేషు అయ్యర్, నారాయణ అయ్యర్ వంటి పెద్దల ప్రోత్సాహంతో కేంబ్రిడ్జిలోని గణితవేత్తలకే నేరుగా రాయాలని నిశ్చయించుకున్నాడు. బేకర్ అనే ఆచార్యుడికి రాశాడు, లాభం లేకపోయింది. హాబ్సన్ అనే ఆచార్యుడికి రాశాడు, అక్కడా అంతే.

రెండుసార్లు ఇలా జరిగితే మూడో ఉత్తరం రాయడానికి ఎవరికైనా చెయ్యి ఆడదు. రామానుజన్ రాశాడు. 1913 జనవరి 16న హార్డీ అనే యువ గణితవేత్తకు ఉత్తరం పంపాడు. తాను మద్రాసు పోర్టు ట్రస్టులో చిన్న గుమాస్తానని, విశ్వవిద్యాలయం చదువు లేదని దాచకుండా రాశాడు. హార్డీ ప్రచురించిన ఒక రచనను చదివి, అందులో తేలకుండా మిగిలిన ఒక విషయంపై తాను చేసిన పనిని చెప్పాడు. తొమ్మిది పేజీల నిండా తాను సాధించిన ఫలితాలు జతచేశాడు. వీటిలో విలువైనవి ఏమైనా ఉంటే ప్రచురించాలని ఉందని, తాను పేదవాడినని తెలిపి, సలహా ఇవ్వమని కోరాడు.

హార్డీ మొదట ఇదేదో మోసమనుకున్నాడు. రోజంతా ఆ సూత్రాలు ఆయనను వదల్లేదు. రాత్రి మిత్రుడు లిటిల్‌వుడ్‌తో కలిసి కూర్చుని పరిశీలించాడు. కొన్ని ఇంతకు ముందే తెలిసినవి. కొన్ని కొత్తవి. మరికొన్ని, తాము ఎన్నడూ కని విని ఎరుగనివి. ఇవి రాసినవాడు మహామేధావి తప్ప మరొకడు కాలేడని ఇద్దరూ తేల్చుకున్నారు. ఫిబ్రవరి 8న హార్డీ జవాబు రాశాడు. మెచ్చుకుంటూనే, నిరూపణలు పంపమని గట్టిగా అడిగాడు.

ఆ ఒక్క జవాబుతో మద్రాసులోనూ కదలిక వచ్చింది. అదే ఫిబ్రవరిలో వాతావరణ శాఖ అధిపతి గిల్బర్ట్ వాకర్ మద్రాసు వచ్చినప్పుడు స్ప్రింగ్ ఆయనకు రామానుజన్ పని చూపించాడు. వాకర్ మద్రాసు విశ్వవిద్యాలయానికి రాశాడు. ఎఫ్.ఏ. పరీక్ష కూడా గట్టెక్కని మనిషికి విశ్వవిద్యాలయం నెలకు 75 రూపాయల పరిశోధక వేతనం మంజూరు చేసింది. 1913 మే 1 నుంచి రామానుజన్ పూర్తికాలం పరిశోధకుడయ్యాడు.

మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి – 2
(అ) రామచంద్రరావును ఒప్పించడానికి రామానుజన్ ఏ పద్ధతి అనుసరించాడు?
(ఆ) హార్డీకి రాసిన ఉత్తరంలో రామానుజన్ తన గురించి ఏయే విషయాలు చెప్పాడు?

6. సముద్రం దాటిన స్నేహం

ఇంగ్లండు రమ్మని హార్డీ పిలిస్తే రామానుజన్ మొదట ఒప్పుకోలేదు. సముద్రం దాటితే కులాచారం చెడుతుందని ఆ రోజుల్లో పట్టింపు. తల్లికి కూడా ఇష్టం లేదు. 1914 జనవరిలో నెవిల్ అనే కేంబ్రిడ్జి గణితవేత్త ఉపన్యాసాలివ్వడానికి మద్రాసు వచ్చాడు. ఆయన రామానుజన్‌తో కూర్చుని, నోటుపుస్తకాలు చూసి, స్నేహం చేసి, భయాలు పోగొట్టాడు. తల్లి కూడా అంగీకరించింది. స్ప్రింగ్ గవర్నరు కచేరీకి లేఖ రాశాడు. విశ్వవిద్యాలయం ఏడాదికి 250 పౌండ్ల వేతనం, ప్రయాణపు ఖర్చులు మంజూరు చేసింది. అందులోంచి ఇంటికి నెలనెలా 60 రూపాయలు అందేలా రామానుజన్ ఏర్పాటు చేసుకున్నాడు.

1914 మార్చి 17న మద్రాసులో ఓడ ఎక్కి, ఏప్రిల్ 14న లండన్ చేరాడు. మొదట కొన్ని వారాలు నెవిల్ దంపతుల ఇంట్లోనే ఉన్నాడు. తర్వాత ట్రినిటీ కాలేజీకి మారాడు.

హార్డీకి, రామానుజన్‌కు పోలికే లేదు. హార్డీకి దేవుడి మీద నమ్మకం లేదు. రామానుజన్ ఇలవేల్పు నామగిరి అమ్మవారిని కొలిచే భక్తుడు. హార్డీకి ప్రతి మెట్టుకూ నిరూపణ కావాలి. రామానుజన్‌కు ఫలితం ముందు తట్టేది, నిరూపణ తర్వాతి సంగతి. హార్డీ ఈ తేడాను ఓర్పుతో దాటాడు. రామానుజన్‌కు తెలియని కొత్త గణిత పద్ధతులు నేర్పాడు. ఆయనలోని సహజ శక్తి చెడిపోకుండా జాగ్రత్తపడ్డాడు. రామానుజన్ కూడా ఈ వయసులో నాకు నేర్పేదేమిటని అనుకోలేదు. ఒక సంఖ్యను చిన్న సంఖ్యల మొత్తంగా ఎన్ని విధాలుగా రాయవచ్చో చెప్పే సూత్రాన్ని ఇద్దరూ కలిసి సాధించారు. ఒకరి ఊహ, మరొకరి క్రమశిక్షణ కలిస్తేనే ఆ పని జరిగింది.

కేంబ్రిడ్జిలో రామానుజన్‌కు దొరికిన మరో మిత్రుడు బెంగాలుకు చెందిన ప్రశాంతచంద్ర మహలనోబిస్. తర్వాతి కాలంలో మన దేశంలో గణాంకశాస్త్రానికి పునాది వేసినవాడు ఈయనే. ఒకసారి మహలనోబిస్ వచ్చి చూస్తే, రామానుజన్ చలికి వణుకుతున్నాడు. రాత్రిళ్ళు కోటు తొడుక్కుని, శాలువా కప్పుకుని పడుకుంటున్నానన్నాడు. మంచం మీద దుప్పట్లు పరుపు కిందికి మడిచి ఉన్నాయి. వాటిని లాగి లోపలికి దూరాలని రామానుజన్‌కు తెలియదు. మహలనోబిస్ ఎగతాళి చేయలేదు. దుప్పట్లు తీసి ఎలా పడుకోవాలో చూపించాడు. కొత్త చోటికి పనికోసం వెళ్ళినవారికి ఇలాంటి చిన్న సహాయం ఎంత పెద్దదో వెళ్ళినవారికే తెలుస్తుంది.

7. గౌరవాలు, జబ్బు

రామానుజన్ కేంబ్రిడ్జిలో ఉన్న అయిదేళ్ళలో ఇరవైకి పైగా పరిశోధనా వ్యాసాలు ప్రచురించాడు. 1916లో పరిశోధన ఆధారంగా కేంబ్రిడ్జి ఆయనకు బి.ఏ. పట్టా ఇచ్చింది. 1918లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. ఈ గౌరవం పొందిన భారతీయులలో ఆయన రెండవవాడు. అదే ఏడాది అక్టోబరులో ట్రినిటీ కాలేజీ ఫెలోగా ఎన్నికైన మొదటి భారతీయుడయ్యాడు.

ఈ గౌరవాల వెనుక ఒక విషాదం ఉంది. 1914లో మొదటి ప్రపంచయుద్ధం మొదలైంది. చాలామంది గణితవేత్తలు యుద్ధపు పనులకు వెళ్ళిపోయారు. శాకాహారి అయిన రామానుజన్‌కు కూరగాయలు దొరకడం కష్టమైంది. చాలావరకు తానే వండుకునేవాడు, లెక్కల్లో పడి వేళకు తినేవాడు కాదు. ఇంటిదగ్గర అత్తాకోడళ్ళకు పొసగలేదు. జానకి రాసిన ఉత్తరాలు ఆయనకు అందేవి కావు. 1917లో మంచం పట్టి ఎన్నో నెలలు ఆసుపత్రులలో గడిపాడు. అప్పటి డాక్టర్లు క్షయ అనుకున్నారు. అది కాలేయానికి పట్టిన అమీబా వ్యాధి కావచ్చునని, అప్పుడే గుర్తిస్తే నయమయ్యేదని 1994లో ఒక వైద్య పరిశీలన వెలువడింది.

మనసులోని బాధ రామానుజన్ ఎవరితోనూ అంతగా చెప్పుకోలేదు. ఆయన గణితం గురించి హార్డీకి అంతా తెలుసు, ఆయన ఇంటి సంగతులు తెలియవు. ఓర్చుకోవడం మంచిదే. కాని దగ్గరివాళ్ళకు కూడా చెప్పకుండా ఓర్చుకోవడం మనిషిని లోపల తినేస్తుంది. రామానుజన్ జీవితం నుంచి ఈ సంగతి కూడా నేర్చుకోవాలి.

మీకు తెలుసా?
జబ్బుగా ఉన్న రామానుజన్‌ను చూడటానికి హార్డీ ఒకరోజు 1729 నంబరు గల అద్దె కారులో వెళ్ళాడు. ఆ సంఖ్యలో ప్రత్యేకత ఏమీ కనిపించలేదని అన్నాడు. రామానుజన్ వెంటనే దాని ప్రత్యేకత చెప్పాడు. రెండు ఘనాల మొత్తంగా రెండు విధాలుగా రాయగలిగిన సంఖ్యలలో అది అన్నిటికన్నా చిన్నది. 1 ఘనం, 12 ఘనం కూడితే 1 + 1728 = 1729. 9 ఘనం, 10 ఘనం కూడితే 729 + 1000 = 1729.

8. చివరి రోజులు

యుద్ధం ముగిశాక, 1919 మార్చిలో రామానుజన్ స్వదేశం చేరాడు. అంతకుముందే మద్రాసు విశ్వవిద్యాలయం ఆయనకు ఏడాదికి 250 పౌండ్ల వేతనం ప్రకటించింది. దానికి జవాబుగా 1919 జనవరిలో రాసిన ఉత్తరంలో, ఆ మొత్తం తన అవసరాలకు మించిందని రామానుజన్ తెలిపాడు. తన ఖర్చులు, తల్లిదండ్రులకు ఇవ్వవలసిన 50 పౌండ్లు పోగా మిగిలిన డబ్బును పేద పిల్లల, అనాథల చదువుకు వినియోగించాలని కోరాడు. ఫీజు కట్టలేక కాలేజీ వదిలిన రోజులను ఆయన మరచిపోలేదు.

చివరి ఏడాది జానకి పక్కనే ఉండి సేవ చేసింది. జ్వరంలోనూ ఆయన లెక్కలు మానలేదు. పలక అడిగి తెప్పించుకునేవాడు. 1920 జనవరిలో హార్డీకి రాసిన ఆఖరి ఉత్తరంలో కూడా కొత్త గణితమే ఉంది. 1920 ఏప్రిల్ 26న మద్రాసులో రామానుజన్ కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయసు 32 సంవత్సరాలు.

ఆయన సంపాదించుకున్న స్నేహాలు ఆయనతో పోలేదు. 1927లో రామానుజన్ వ్యాసాలన్నీ ఒక సంపుటంగా వెలువడ్డాయి. దాని సంపాదకులలో హార్డీతో పాటు శేషు అయ్యర్ ఉన్నాడు. అందులోని జీవిత చరిత్ర రాసినవారు శేషు అయ్యర్, మన నెల్లూరు కలెక్టరుగా పనిచేసిన రామచంద్రరావు. 1957లో నోటుపుస్తకాలు ఉన్నవి ఉన్నట్లుగా అచ్చయ్యాయి. చివరి ఏడాది రాసిన కాగితాలు కొన్ని 1976లో కేంబ్రిడ్జిలో బయటపడ్డాయి. జానకి కుట్టుపని చేసుకుంటూ తన కాళ్ళ మీద తాను నిలబడి, 1994 వరకు జీవించింది. రామానుజన్ పుట్టినరోజైన డిసెంబరు 22ను 2012 నుంచి మన దేశం జాతీయ గణిత దినోత్సవంగా జరుపుకుంటున్నది.

9. మనం గమనించవలసినవి

రామానుజన్ వంటి ప్రతిభ అందరికీ ఉండదు. అయితే ఆయన నడిచిన పద్ధతి ఎవరైనా అనుసరించవచ్చు. దర్జీ అయినా, ఎలక్ట్రీషియన్ అయినా, చిన్న వ్యాపారి అయినా ఈ విషయాలు ఉపయోగపడతాయి.

మొదటిది, ఆయన ఎవరి దగ్గరికీ ఉత్త చేతులతో వెళ్ళలేదు. చేసిన పనిని వెంట తీసుకువెళ్ళాడు. పని చూసి గౌరవించినవారే మరొకరికి పరిచయం చేశారు. బంధుత్వం చూసి ఇచ్చే సిఫారసు ఒక ఉద్యోగంతో ఆగిపోతుంది. పని చూసి ఇచ్చిన మాట ఊరూరూ వెళుతుంది.

రెండవది, ఒకరు కాదన్నంత మాత్రాన అందరూ కాదన్నట్లు కాదు. రామస్వామి అయ్యర్ ఉద్యోగం ఇవ్వలేదు, దారి చూపించాడు. రెండు ఉత్తరాలు వృథా అయ్యాయి, మూడవది ఫలించింది.

మూడవది, దిద్దేవాడిని శత్రువుగా చూడకూడదు. సంపాదకుడు, నారాయణ అయ్యర్, హిల్, హార్డీ అందరూ ఆయన లోపాలు చెప్పినవారే. ఆయన ఎదుగుదలకు తోడ్పడినదీ వాళ్ళే.

నాలుగవది, పుచ్చుకున్న సహాయం తిరిగి సమాజానికి చేరాలి. తన వేతనంలో మిగిలింది పేద పిల్లలకు ఇవ్వమని రాసిన ఉత్తరమే ఇందుకు సాక్ష్యం.

సారాంశం

పేద కుటుంబంలో పుట్టిన రామానుజన్ గణితం తప్ప మిగతా సబ్జెక్టులలో తప్పి, చదువు ఆగిపోయినా పని మానలేదు. రామస్వామి అయ్యర్, శేషు అయ్యర్, రామచంద్రరావు, నారాయణ అయ్యర్, స్ప్రింగ్, హార్డీ, నెవిల్ వంటివారు ఆయన పనిని చూసి తోడ్పడ్డారు. చిన్న వయసులోనే మరణించినా, ఆయన గణితం, ఆయన స్నేహాలు చిరకాలం నిలిచాయి.

కొత్త పదాలు – అర్థాలు

కచేరీ – కార్యాలయం
స్తోమత – శక్తి, డబ్బు ఇవ్వగల స్థితి
నిరూపణ – నిజమని రుజువు చేయడం
ఇలవేల్పు – ఇంటి దేవత
చిన్నబుచ్చుకొను – మనసు కష్టపెట్టుకొను
చేయూత – సహాయం

పాఠాంత ప్రశ్నలు

1. 1904 నుంచి 1910 వరకు రామానుజన్ ఎదుర్కొన్న కష్టాలను పది వాక్యాలలో రాయండి.
2. హార్డీ, రామానుజన్‌ల స్వభావాలలో తేడాలేమిటి? అయినా కలిసి ఎలా పనిచేయగలిగారు?
3. కష్టాన్ని ఎవరికీ చెప్పకుండా ఓర్చుకోవడం మంచిదేనా? మీ అభిప్రాయం రాయండి.

చేసి చూడండి

మీకు బాగా వచ్చిన పని ఒకటి ఎంచుకోండి. ఆ పనిలో అనుభవం ఉన్న, మీకు పరిచయం లేని ఒక వ్యక్తికి పది వాక్యాలకు మించకుండా ఉత్తరం రాయండి. మీరెవరు, ఏ పని చేశారు, వారి నుంచి ఏ సలహా కావాలి అనే మూడు విషయాలు అందులో ఉండాలి. లేని గొప్పలు రాయవద్దు. ఉన్న లోపం దాచవద్దు. రాసిన ఉత్తరాన్ని మీ అధ్యయన కేంద్రంలో తోటి అభ్యాసకుడికి చూపించి, అర్థం కాని చోట్లు అడిగి దిద్దుకోండి.

జవాబులు

పరీక్ష – 1: (అ) కాగితం ఖరీదు ఎక్కువ గనుక లెక్క పలక మీద చేసి, ఫలితం మాత్రం రాసుకునేవాడు. (ఆ) ఇంగ్లీషులో తప్పడం వల్ల.
పరీక్ష – 2: (అ) తేలికైన ఫలితాలతో మొదలుపెట్టి, మెట్టు మెట్టుగా కష్టమైనవి వివరించాడు. (ఆ) తాను చిన్న గుమాస్తానని, విశ్వవిద్యాలయం చదువు లేదని, పేదవాడినని చెప్పాడు.